లొంగిపోయే దారి లేని యుద్ధం

2021 ఆగస్టు. కాబూల్ విమానాశ్రయంలో, కదులుతున్న విమానం వెంట పరిగెత్తే జనాల వీడియో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. ఇళ్ళ నుంచే పని చేస్తున్న రోజులవి. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఓ కాల్ చివర్లో అడిగాడు: "అన్నా, బిన్ లాడెన్‌ని చంపేసి పదేళ్ళయింది కదా. మరి యుద్ధం ఇన్నాళ్ళెందుకు జరిగింది?"

జంట టవర్లు కూలినప్పుడు నేను ఎనిమిదో తరగతి. టీవీలో అన్నీ చూశాను కాబట్టి నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. తీరా చెప్పబోతే నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చదివినదాంట్లో నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను.

మనం ఈ కథని 2001 సెప్టెంబరు 11 నుంచి మొదలుపెడతాం. అఫ్గాన్లకి మాత్రం అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా యుద్ధం. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగాయి. వాటితో పోరాడే ముజాహిదీన్లకి అమెరికా, సౌదీ అరేబియా డబ్బూ ఆయుధాలూ ఇచ్చాయి. అందులో ఎవరికెంత అన్నది చాలావరకు పాకిస్తాన్ ఐఎస్ఐ చేతుల్లో ఉండేది. 1989లో సోవియట్లు వెళ్ళిపోయారు, 1992లో వాళ్ళు నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం పడిపోయింది. గెలిచిన వర్గాలు కాబూల్ కోసం తమలో తాము కొట్టుకున్నాయి. ఆ అరాచకంలోంచే 1994లో కాందహార్‌లో తాలిబాన్లు పుట్టుకొచ్చారు, 1996లో కాబూల్‌ని పట్టుకున్నారు. సోవియట్ యుద్ధానికి వచ్చిన అరబ్బులతో 1988లో అల్‌ఖైదాని మొదలుపెట్టిన బిన్ లాడెన్ కూడా 1996లోనే అఫ్గానిస్తాన్‌కి తిరిగొచ్చాడు.

తాలిబాన్లూ అల్‌ఖైదా ఒకటి కాదు. వీళ్ళకి కావలసింది ఒక దేశాన్ని ఏలడం. వాళ్ళ యుద్ధానికి హద్దుల్లేవు. విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో ఒక్క అఫ్గాన్ కూడా లేడు. అయితే బిన్ లాడెన్‌ని అప్పగించమంటే తాలిబాన్లు అప్పగించలేదన్నదీ నిజమే.

దాడులైన మూడో రోజున, సెప్టెంబరు 14న, అమెరికా కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది. అందులో అసలు వాక్యం ఇంగ్లీషులో 60 మాటలు. దాడి చేసినవాళ్ళు, సాయపడ్డవాళ్ళు, వాళ్ళకి ఆశ్రయమిచ్చినవాళ్ళు ఎవరని అధ్యక్షుడు తేలిస్తే వాళ్ళ మీద సైన్యాన్ని వాడొచ్చు. శత్రువు పేరు లేదు, దేశం పేరు లేదు, గడువు లేదు. సెనేట్‌లో 98-0. ప్రతినిధుల సభలో 420-1. ఆ ఒక్క వ్యతిరేక ఓటు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీది. అందుకు ఆమెకి చంపుతామని బెదిరింపులొచ్చాయి. నా వృత్తిలో లూప్ రాసేవాడు ముందుగా చూసుకునేది అది ఎక్కడ ఆగాలన్నదే. ఈ వాక్యంలో అది రాయలేదు.

అక్టోబరు 7న బాంబులు పడటం మొదలైంది. రెండు నెలల్లో తాలిబాన్ల పాలన కూలిపోయింది. డిసెంబరు మొదట్లో కొందరు తాలిబాన్ నాయకులు హమీద్ కర్జాయ్‌తో లొంగుబాటు గురించి మాట్లాడారు. ముల్లా ఒమర్‌ని గౌరవంగా బతకనిచ్చే ఒప్పందాన్ని మేం ఒప్పుకోమని అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తేల్చి చెప్పేశాడు. అదే సమయంలో జర్మనీలోని బాన్‌లో కొత్త ప్రభుత్వం గురించి సమావేశం జరిగింది. తాలిబాన్లకి అక్కడ చోటు లేదు. అది పొరపాటేనని ఆ సమావేశం నడిపిన ఐక్యరాజ్య సమితి దూత లఖ్దర్ బ్రాహిమీ తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ కోపాన్ని అర్థం చేసుకోలేమా? దాదాపు 3,000 మంది చనిపోయి మూడు నెలలే అయింది. కానీ ఓడినవాడికి ఇంటికి పోయే దారి మూసేస్తే వాడేం చేస్తాడు? చాలామంది సరిహద్దు దాటి పాకిస్తాన్ చేరారు. 2003లో అమెరికా చూపు ఇరాక్ మీదికి మళ్ళింది, వీళ్ళు మెల్లగా వెనక్కొచ్చారు. తాలిబాన్లలో రెండో స్థానంలో ఉన్న ముల్లా బరాదర్‌ని 2010లో కరాచీలో పట్టుకున్నారు. 2018లో చర్చల కోసం వదిలేశారు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా దూత పక్కన కూర్చుని ఒప్పందం మీద సంతకం చేసింది ఆ బరాదరే. అఫ్గాన్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు.

ఓడిపోయి వచ్చినప్పుడు వినని మాట, గెలవబోతున్నప్పుడు వినాల్సొచ్చింది. ఈ రెంటి మధ్యా సుమారు 2,400 మంది అమెరికన్ సైనికులు, 60,000 పైన అఫ్గాన్ సైనికులూ పోలీసులూ, 46,000 పైన మామూలు జనం పోయారు. 2001లో ఒప్పుకుని ఉంటే శాంతి నిలిచేదని నేననను. ఆ ఇరవై ఏళ్ళలో లక్షలమంది ఆడపిల్లలు బడికెళ్ళారన్నదీ కొట్టిపారేయలేం. అందుకే ముగింపు ఇంకా బాధగా ఉంటుంది. ఇప్పుడక్కడ ఆరో తరగతి దాటితే వాళ్ళకి బడి లేదు.

ఆ 60 మాటల్ని తర్వాత ఐసిస్ మీదా, సోమాలియాలో అల్ షబాబ్ మీదా కూడా వాడారు. 2001లో ఆ పేర్లే లేవు.

2021 ఆగస్టు 29న, అమెరికన్లు పూర్తిగా వెళ్ళిపోవడానికి ఒక్కరోజు ముందు, కాబూల్‌లో ఓ కారు మీద డ్రోన్ దాడి చేశారు. ఉగ్రవాది అనుకున్నారు. ఆ కారు నడిపినతను ఒక సహాయ సంస్థలో పనిచేసే మనిషి. పదిమంది చనిపోయారు, వాళ్ళలో ఏడుగురు పిల్లలు. తప్పు జరిగిందని మూడు వారాల లోపే పెంటగాన్ ఒప్పుకుంది.

మా కుర్రాడికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఎవరితో యుద్ధమో చివరిదాకా వాళ్ళకే తెలీదా అన్నా?" అన్నాడు. దానికి మాత్రం నా దగ్గర జవాబుంది.