ఎర్రగీతలో బంగారం

గత శతాబ్దం మొదటి సగంలో కొన్ని కేసు షీట్లలో 5555432100 లాంటి అంకెల వరుస కనిపించేది. సిఫిలిస్ మెదడుకెక్కి రోగికి మతి చలించిందని డాక్టర్లు దాన్నిబట్టి అనుమానించేవారు. ఆ అంకెలు వేయించింది బంగారం.

జర్మన్ వైద్యుడు కార్ల్ లాంగే 1912లో ఈ పరీక్షను ప్రకటించాడు. వెన్నులో సూది గుచ్చి తీసిన ద్రవాన్ని పది గొట్టాల్లో పోసి, ఒకదాన్ని మించి ఒకటి పలచన చేస్తారు. అన్నిటిలోనూ కెంపు రంగు బంగారు ద్రావణం కలిపి వదిలేస్తారు. ఎరుపు చెక్కుచెదరకపోతే సున్నా. ఊదాకో నీలానికో తిరిగితే మధ్య అంకెలు. రంగు పూర్తిగా పోయి బంగారం అడుగుకు దిగితే అయిదు.

పసుపుపచ్చని లోహానికి కెంపు రంగెలా వచ్చిందన్న ప్రశ్నను లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పట్టుకున్నాడు. బంగారు లవణాన్ని భాస్వరంతో విడగొట్టి ఎర్రని ద్రవం చేశాడు. అందులో ఉన్నది కంటికి ఆనని బంగారు రేణువులేనని 1857లో చెప్పాడు. ఆయన సీసాల్లో కొన్ని నేటికీ అక్కడే ఉన్నాయి. రేణువులు విడివిడిగా ఉంటే ఎరుపు, గుమిగూడితే నీలం. విడి రేణువుల రంగుకు 1908లో గుస్టావ్ మీ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క కట్టాడు.

లాంగే పరీక్షకు ఆ ద్రావణం కాచడం లేబొరేటరీలకు పెద్ద తలనొప్పి. గాజుకు కాస్త మురికి అంటినా చెడేది. అయినా అసలు లోపం వేరే ఉందనిపిస్తుంది: లాంగే బంగారాన్నే తీర్పు చెప్పమన్నాడు. వెన్ను ద్రవంలో ప్రొటీన్ల పాళ్లు మారితే చాలు, రంగు మారేది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో కొందరికీ అవే అంకెలు పడేవి.

1971లో ఫాక్, టేలర్ అనే పరిశోధకులు బంగారు రేణువులకు యాంటీబాడీలు అంటించారు. వాళ్లకు కావలసింది రోగ నిర్ధారణ కాదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గురుతు. 1980లో నెదర్లాండ్స్‌లో ల్యూవరింగ్ బృందం అదే జతను పరీక్షలకు మళ్లించింది. అప్పటినుంచి తీర్పు యాంటీబాడీది, బంగారం రంగు మోసే కూలీ మాత్రమే.

నేటి గర్భ పరీక్ష పట్టీల్లో, కోవిడ్ కిట్లలో చాలావాటి ఎర్రగీత ఈ బంగారమే. చుక్క వేయగానే తడి పాకుతూ, సుమారు 40 నానోమీటర్ల రేణువులను లేపుకుపోతుంది. వెతికే పదార్థం ఉంటే టి (టెస్ట్) గీత దగ్గర నాటిన యాంటీబాడీలు దాన్ని బంగారంతో సహా పట్టేస్తాయి. పట్టుబడనివి సి (కంట్రోల్) గీత దాకా పోయి అక్కడ ఆగుతాయి. సి గీత పడలేదంటే పరీక్ష చెల్లదు, టి దగ్గర ఏం కనిపించినా సరే.