అప్పీలు గడువు, న్యాయస్థాన అధికార పరిధి: అమెరికా మాజీ సైనికుల వ్యాజ్యాలు

అమెరికాలో మాజీ సైనికుల వైకల్య భత్యాలపై ప్రభుత్వ నిర్ణయాలను న్యాయస్థానంలో ప్రశ్నించే మార్గం 1988 నాటి చట్టంతో ఏర్పడింది. ఆ చట్టం ఒక ప్రత్యేక న్యాయస్థానాన్ని నెలకొల్పి, అప్పీలుకు 120 రోజుల గడువు విధించింది. న్యాయవాది సహాయం లేకుండా స్వయంగా అప్పీలు చేసుకొనేవారు అప్పట్లో అక్కడ అధికంగా ఉండేవారు. అందువల్ల ఆ గడువు స్వభావమేమిటన్నది కీలక ప్రశ్న అయింది.

తగిన కారణముంటే గడువును సడలించవచ్చునని 1998లో బెయిలీ కేసులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం తేల్చింది. అయితే, ఒక న్యాయస్థానం నుంచి మరొక న్యాయస్థానానికి వెళ్లే అప్పీళ్లలో చట్టం విధించిన గడువు అధికార పరిధికే సంబంధించినదని 2007లో బౌల్స్ కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. ఈ సూత్రాన్ని మాజీ సైనికులకూ వర్తింపజేయడంతో ఆ సడలింపు రద్దయింది.

హెండర్సన్ కేసులో దాని పర్యవసానం స్పష్టమైంది. కొరియా యుద్ధకాలంలో పనిచేసి, తీవ్ర మానసిక వ్యాధికి గురైన ఆ సైనికుడు స్వయంగా వేసిన అప్పీలు 15 రోజులు ఆలస్యమైంది. ఆలస్యానికి వ్యాధే కారణమన్న వాదన విచారణకు నోచుకోలేదు.

2011లో సుప్రీంకోర్టు ఈ గడువు అధికార పరిధికి చెందినది కాదని ఏకగ్రీవంగా నిర్ణయించింది. మాజీ సైనికుల పట్ల కాంగ్రెస్ చూపిన ప్రత్యేక శ్రద్ధను అందుకు ఆధారంగా చూపింది. తీర్పు గడువును తొలగించలేదు. ఆలస్యానికి కారణాన్ని వినే అవకాశాన్ని మాత్రమే తెరిచింది. అప్పటికి ఆ సైనికుడు జీవించి లేడు.