గబ్బిలాన్నే ఎందుకు పంపాడు? – మన పిల్లలకు కావ్యం బోధించే తీరు



చాలా ఏళ్ళ క్రిందట గుడియాత్తంలో ఒక తొమ్మిదవ తరగతి గదిలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఆ రోజు పాఠం త్వరగా ముగిసింది. మిగిలిన సమయంలో గుఱ్ఱం జాషువాగారి ‘గబ్బిలం’ కావ్య కథను పిల్లలకు చెప్పాను. ఆకలితో అలమటించే ఒక అస్పృశ్యుడు తన గోడు కాశీ విశ్వనాథునికి విన్నవించమని ఒక గబ్బిలాన్ని వేడుకొంటాడని వివరించాను. వెనుక బల్ల మీద కూర్చునే ఒక అబ్బాయి లేచి, "సార్, చిలుక ఉంది, పావురం ఉంది, గబ్బిలాన్నే ఎందుకు పంపాడు?" అని అడిగాడు. "పరీక్షలో ఆ ప్రశ్న రాదు, కూర్చో" అన్నాను.

ఆ అబ్బాయి ఏ వీధి నుండి బడికి వస్తున్నాడో నాకు తెలుసు. తెలిసి కూడా అలా అన్నాను. ఆ కావ్యానికంతటికీ తాళంచెవి వంటి ప్రశ్నను వాడు అడిగాడని ఇంటికి వచ్చిన తరువాతగాని నాకు తోచలేదు.

మనలో చాలామందిమి నేర్చుకొన్న పద్ధతి అది. పదవిభాగం, ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం, ఛందస్సు – అంతటితో పద్యం ముగుస్తుంది. ఈ పద్ధతిని నేను నిందించను. పదం అర్థం కాని వానికి పద్యం అర్థం కాదు. అయితే అది గడప మాత్రమే. గడప దగ్గరే పిల్లలను నిలబెట్టి, ఇల్లంతా చూపించామనుకోవడం మన పొరపాటు.

ఆ గడప దాటించిన వారిలో ముఖ్యుడు మన పాత జిల్లా మనిషే అన్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880లో చిత్తూరు దగ్గరి కట్టమంచిలో జన్మించారు. అప్పుడు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడింది. మనం ఇటువైపు ఉండిపోయాము. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, ఆ తరువాత కేంబ్రిడ్జిలోను చదివి, 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ను ప్రకటించారు. పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయ, ప్రభావతీ ప్రద్యుమ్నములపై విమర్శగా అది రూపొందింది. కావ్యంలోని వర్ణనలు కథకు, పాత్రలకు ఉపకరిస్తున్నాయా, లేక కేవలం పాండిత్య ప్రదర్శనకేనా అని ఆయన నిలదీశారు. భావనాశక్తికి, కథైక్యానికి, ఔచిత్యానికి పెద్దపీట వేశారు. ప్రబంధ కవులను ఆయన తూచిన తీరు చాలామంది పండితులకు నచ్చలేదు.

ఆయన మాటే చివరి మాట కూడా కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు ‘అల్లసానివాని అల్లిక జిగిబిగి’ వ్రాసి, పెద్దన శిల్పాన్ని వేరొక చూపుతో చూపించారు. ఆ తరువాత మార్క్సీయ, స్త్రీవాద, దళితవాద విమర్శకులు వచ్చి, కావ్యంలో ఎవరి గొంతు వినబడుతున్నది, ఎవరిది వినబడడం లేదు అని ప్రశ్నించారు. ఒకే కావ్యాన్ని ఇద్దరు పెద్దలు రెండు విధాలుగా చదివారని తెలిసిననాడు, తానూ ఒక మాట చెప్పవచ్చునన్న ధైర్యం పిల్లవానికి కలుగుతుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాము. నాడు చెప్పని జవాబు నేడు మీకు చెబుతున్నాను.

మొదట రూపం చూడండి. ‘గబ్బిలం’ సందేశ కావ్యం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు దూరమైన భార్యకు మేఘం ద్వారా కబురు పంపుతాడు. జాషువాగారు అదే అచ్చును తీసుకొని, అందులో విరహానికి బదులు ఆకలిని, అవమానాన్ని పోశారు. పాత రూపం తెలియనివానికి ఈ మార్పులోని పదును తెలియదు.

తరువాత ఇతివృత్తం. మనిషిని గుడి బయట నిలిపివేసే సమాజంలో గబ్బిలానికి అడ్డు లేదు. అది గుడిలోనే వ్రేలాడుతుంది. దాని కులం ఎవరూ అడగరు. అర్చకుడు దగ్గర లేని సమయం చూసుకొని స్వామికి విన్నవించమని అతడు దానిని కోరుతాడు. చిలుకను ముద్దు చేస్తారు, పావురాన్ని పెంచుతారు. గబ్బిలం ఇంట్లోకి వస్తే అపశకునమని తరుముతారు. తనవలె తరుమబడే ప్రాణినే అతడు ఆప్తబంధువుగా ఎంచుకొన్నాడు.

ఇక సాంస్కృతిక సందర్భం. ఈ కావ్యం 1941లో వెలువడింది. దానికి రెండేళ్ళ ముందు, 1939 జూలై 8న, వైద్యనాథ అయ్యర్‌గారు మదురై మీనాక్షి ఆలయంలోనికి దళితులను, నాడార్లను తోడ్కొని వెళ్ళారు. ఆ సంవత్సరమే మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి సంబంధించిన చట్టం వచ్చింది. 1947లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. జాషువాగారి వినుకొండ, మన వేలూరు, ఆ మదురై – మూడూ అప్పుడు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. కనుక ఇది ఎక్కడో ఆంధ్రదేశపు కథ అని మన పిల్లలకు చెప్పనక్కరలేదు. ఇది వారి తాతముత్తాతల కాలపు కథ, వారు రోజూ చూసే గోపురాల కథ.

మన ఊరి నుండే మరొక ఉదాహరణ ఇస్తాను. తమిళ వైకాశి మాసం మొదటి రోజున గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగింపును చూడని పిల్లలు ఉండరు. దాని వెనుక ఉన్న రేణుక కథ ఇంట్లో అవ్వలు చెబుతారు. కట్టమంచివారు విద్యార్థి దశలోనే ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యం వ్రాశారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువుకట్ట నిలవడానికి ఒక కోడలు తన ప్రాణాన్ని అర్పించిన కథ అది. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి, "రెండింటిలోనూ ప్రాణం పోగొట్టుకొన్నది స్త్రీయే ఎందుకు? తరువాత ఆమెను పూజించినది ఎవరు?" అని అడిగి చూడండి. మీరు పేరు చెప్పకుండానే వారు స్త్రీవాద విమర్శలోనికి అడుగుపెడతారు.

ఇదంతా ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. వారి బాధ నాకు తెలుసు. 2006 నాటి చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుండి ఏటేటా తప్పనిసరి అవుతూ, 2015–16 నాటికి పదవ తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానాలు కొన్ని సంవత్సరాలు మినహాయింపులు ఇచ్చినా, తెలుగు చదువుకు పూర్వపు నిశ్చింత లేదు. తమిళం మన పిల్లలు చక్కగా నేర్వవలసిన భాషే. అందులో నాకు సందేహం లేదు. అయితే మార్కుల బలం తగ్గిన చోట కంఠస్థం చేయించే తెలుగు ఎంతకాలం నిలుస్తుంది? పిల్లవానికి తన ప్రశ్నకు జవాబు దొరికే తెలుగు అయితే, మార్కులు లేకపోయినా వాడు దానిని వదలడని నా అనుభవం చెబుతున్నది.

కనుక నా మనవి ఇది. ప్రతిపదార్థం అయిన తరువాత పది నిమిషాలు మిగల్చండి. ఇది ఎప్పుడు వ్రాశారు, అప్పుడు లోకంలో ఏమి జరుగుతున్నది, ఇందులో మాట్లాడనిది ఎవరు, మన ఇంట్లో ఇటువంటి కథ ఉన్నదా – ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. పిల్లలు తమ ఇంటి తెలుగులో, తమిళ మాటలు కలిపి జవాబు చెప్పినా మధ్యలో దిద్దకండి. ముందు పూర్తిగా చెప్పనివ్వండి. తల్లిదండ్రులు కూడా సాయంత్రం "ఎన్ని మార్కులు?" అని కాక, "ఈ రోజు ఏ ప్రశ్న అడిగావు?" అని విచారించండి.

ఆ అబ్బాయి ఇప్పుడు పెద్దవాడై ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. వానికి ఇవ్వని జవాబును ఆ తరువాత ప్రతి సంవత్సరం ప్రతి తరగతికీ చెబుతూ వచ్చాను. మీ తరగతిలో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే, దయచేసి కూర్చోమనకండి.