గాలి బుడగలపై కారు.. లెక్క తప్పితే ముప్పు

విజయవాడ: వోల్వో బస్సులు 2001లో మన రోడ్లెక్కిన తర్వాతే గాలి సస్పెన్షన్ సుఖం సామాన్య ప్రయాణికుడికి అనుభవంలోకి వచ్చింది. ఇనుప స్ప్రింగులు మోయవలసిన బరువును గాలి నింపిన రబ్బరు బెలోస్ మోయడమే ఇందులోని కిటుకు. అదే సుఖాన్ని సొంత కారుకూ తెచ్చుకోవాలని, మీట నొక్కగానే బండి లేచి దిగాలని ముచ్చటపడేవారు ఉన్నారు. విదేశాల్లో ఒక్కో మోడల్‌కు సరిపడే సామగ్రిని ఒకే పెట్టెలో అమ్ముతారు. ఇక్కడి కార్లలో చాలావాటికి అలాంటిది దొరకదు. విడిభాగాలు సేకరించి, బ్రాకెట్లు చేయించి బిగించుకోవలసిందే. బస్సు బాడీలే కట్టే ఆటోనగర్ పనివారికి ఇనుము కోయడం, అతకడం కష్టం కాదు. చిక్కంతా లెక్కలోనే ఉంది.

బస్సు బెలోస్ పనికిరావు

పాత బస్సు బెలోస్ చౌకగా దొరుకుతాయని వాటిని కారుకు తగిలించడం మొదటి పొరపాటు. బెలోస్ మోసే బరువు లోపలి గాలి పీడనంపైనా, దాని వైశాల్యంపైనా ఆధారపడుతుంది. కారు వెనుక చక్రం ఒక్కోదానిపై 300 కిలోల భారం పడుతుందనుకుందాం. 10 సెంటీమీటర్ల వ్యాసం గల బెలోస్ వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. ఆ భారాన్ని మోయడానికి దానికి చదరపు సెంటీమీటరుకు 3.8 కిలోల పీడనం, అంటే సుమారు 54 పీఎస్ఐ కావాలి. మనుషులు, సామాను ఎక్కి భారం 450 కిలోలైతే 80 పీఎస్ఐ దాటుతుంది. అదే 25 సెంటీమీటర్ల బస్సు బెలోస్‌కు 300 కిలోలు మోయడానికి 9 పీఎస్ఐ సరిపోతుంది. కారు టైరులో ఉండే గాలిలో అది మూడో వంతు కూడా కాదు. అంత తక్కువ గాలితో రబ్బరు బిగువుగా నిలవదు, మలుపులో బండి పక్కకు ఊగుతుంది. బెలోస్‌ను యాక్సిల్‌పై కాక కింది ఆర్మ్ మధ్యలో బిగిస్తే తులాదండం సూత్రం ప్రకారం భారం మరింత పెరుగుతుంది. ఈ సంగతి మరచి కొన్న బెలోస్ ఎందుకూ కొరగాదు.

కమాన్లు తీస్తే యాక్సిల్‌కు ఆధారమేది?

అంబాసిడర్, ఓమ్ని, బొలెరో వంటి వాహనాలకు వెనుక కమాన్ పట్టీలు ఉంటాయి. అవి బరువు మోయడమే కాదు, యాక్సిల్ ముందుకు, వెనక్కు, పక్కలకు జరగకుండా పట్టి ఉంచుతాయి. గాలి బెలోస్ ఆ పని చేయలేదు. కమాన్లు తీసేవారు ఛాసిస్ నుంచి యాక్సిల్‌కు కడ్డీలు, పక్కకు జరగనీయని మరో అడ్డకడ్డీ అమర్చి తీరాలి. ఇది లేకుండా గేరు మార్చినా, బ్రేకు నొక్కినా యాక్సిల్ మెలితిరుగుతుంది. స్విఫ్ట్ వంటి కార్ల వెనుక కాయిల్ స్ప్రింగు బరువు మాత్రమే మోస్తుంది కాబట్టి అక్కడ పని సులువు.

స్ప్రింగు విప్పేటప్పుడు బిగింపు సాధనం వాడకపోతే అది తూటాలా ఎగిరిపడుతుంది. గాలి ఆధారంగా నిలిచిన బండి కిందికి ఎంతటి పనిమంతుడైనా దూరరాదు. స్టాండ్లు తప్పనిసరి.

కంప్రెసర్, ట్యాంకు సంగతి

బ్యాటరీతో నడిచే 12 వోల్టుల కంప్రెసర్ 20 నుంచి 30 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికి విడిగా రిలే, ఫ్యూజు, మందపు తీగ వేయాలి. ట్యాంకులో గాలి 110 పీఎస్ఐకి తగ్గితే కంప్రెసర్‌ను నడిపి, 145కు చేరితే ఆపే స్విచ్చి, దానికి తోడు సేఫ్టీ వాల్వు ఉండాలి. పాత గ్యాస్ సిలిండర్‌ను ట్యాంకుగా మార్చడం ప్రాణాంతకం. కోస్తా ఉక్కకు ట్యాంకులో నీరు చేరుతుంది కనుక అడుగున నీటిని వదిలే కుళాయి పెట్టించాలి. కుడి, ఎడమ బెలోస్‌కు ఒకే గొట్టం వేస్తే మలుపులో బరువు పడిన వైపు గాలి రెండో వైపుకు పారి బండి మరింత ఒరుగుతుంది. ఒక్కో చక్రానికి ఒక్కో వాల్వు ఉండాలనేది అందుకే.

బిగించాక బండిని పూర్తిగా దించి, పూర్తిగా లేపి చూడాలి. రబ్బరు సైలెన్సర్ పైపుకు గానీ, టైరుకు గానీ తగలకూడదు. బండి పైకి లేచినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు. లోపల రబ్బరు స్టాపర్ ఉంటే గాలి పోయినా బండి దానిపై ఆగి, మెల్లగా ఇంటికి చేరుతుంది. అతుకులకు సబ్బు నురుగు రాస్తే లీకు బుడగలై కనిపిస్తుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో నిబంధనలు అనుమతించని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ ఈ మార్పునే సాకుగా చూపే అవకాశమూ ఉంది. వేల రూపాయలు పోసేముందు రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోవడం మేలు. అనుమతి రాకపోతే ఆ కారు ప్రైవేటు స్థలంలో ప్రదర్శనకే తప్ప రోడ్డు మీదికి పనికిరాదు.