చింత మొద్దు నుంచి అద్దాల గది దాకా

మా చరిత్రను మసీదు గోడల మీదే వెతుకుతారు. దుకాణం గోడల వైపు ఎవరూ చూడరు. మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద మటన్ దుకాణమంటే మొన్నటిదాకా చింత మొద్దు, ఇనుప కొక్కేలు, తరాజు, ఈగలకు అడ్డంగా గోనెపట్టా.

ఈ వృత్తి ఖురేషీలది, ఆరెకటికలది. వృత్తి పేరుగా ఉర్దూ నుంచి వచ్చిన 'కసాయి' తెలుగులో క్రూరుడయ్యాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత కూడా కట్టారు. తిన్నవాడికి అంటని మచ్చ కోసినవాడికి అంటింది. అదే మేడ్చల్ జిల్లా చెంగిచర్లలో మాంసం మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ అది శాస్త్రం, మా చేతిలో కసాయితనం! 2007లో ఖురేషీలను, ముస్లిం కటికలను బీసీ-ఇ జాబితాలో చేర్చాకే మా వెనకబాటు కాగితమెక్కింది.

2011 ఆహార భద్రతా నిబంధనలు మాంసం దుకాణం గోడలకు 5 అడుగుల దాకా నీరు పీల్చని పలకలుండాలన్నాయి. కప్పు ఎత్తు 3 మీటర్లు, ఏసీ ఉంటే 2.5 చాలు. శుభ్రత మాకూ కావాలి. పెట్టుబడి ఎవరిస్తారు?

ఇప్పుడు ఖరీదైన దుకాణాల్లో అద్దాల అరలు, తెల్లటి దీపాలు, స్టీలు బల్లలు. తలకాయ, కాళ్లు, బోటీ కంటపడవు. కోసే మనిషీ కంటపడడు. తలుపు మీద 'హలాల్' అన్న మాట ఉంటుంది. ఆ మాటకు విలువ కట్టినవాళ్లు, ఆ చేతికీ గల్లాలో వాటా కట్టాలి. మేం అడుగుతున్నది అదే.