అగ్గిపెట్టెల తయారీలో చేయి, సగం యంత్రం, పూర్తి యంత్రం (కోవిల్‌పట్టి – విరుదునగర్ ప్రాంతం)

తమిళనాడు దక్షిణాన తూత్తుక్కుడి జిల్లాలోని కోవిల్‌పట్టి, ఎట్టయపురం, కళుగుమలై, విరుదునగర్ జిల్లాలోని శివకాశి, సాత్తూరు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో సుమారు వందేళ్ళుగా అగ్గిపెట్టెలు తయారవుతున్నాయి. పుల్లలు పేర్చడం మొదలుకొని పెట్టెలు కట్టగట్టడం దాకా ఏ పని మనిషికి వదలాలి, ఏది యంత్రానికి అప్పజెప్పాలి అన్నది ఇక్కడి యజమానులు తరతరాలుగా తేల్చుకుంటున్న లెక్క. స్థూలంగా మూడు పద్ధతులున్నాయి: అన్నీ చేత్తో చేయడం, కొన్ని పనులకు మాత్రం మెషీన్లు పెట్టుకోవడం, పుల్ల వేస్తే నిండిన పెట్టె బయటికొచ్చే పూర్తి యంత్రం నడపడం. యంత్రం వేగం చూసి ఎంచుకున్నారనుకోవడం సహజమే కానీ, ఈ పరిశ్రమ చరిత్ర అలా చెప్పదు. ఎక్కువసార్లు నిర్ణయించినవి రెండు: పన్ను రేటు, పనికి మనుషుల లభ్యత.

ప్రాంతం

వాన తక్కువ, ఎండ మెండు. సేద్యం మీద ఏడాదంతా బతకలేని పల్లెలకు పుల్లల పని ఆసరా అయింది. మందు పూసిన పుల్ల ఆరడానికి పొడి గాలి కూడా కలిసొచ్చింది. విరుదునగర్ పప్పులు, నూనెలు, పత్తి, మిరప వ్యాపారాలకు పేరుపడ్డ పట్టణం. కోవిల్‌పట్టికి అగ్గిపెట్టెలతోపాటు వేరుశెనగ పప్పు చిక్కీ ఉంది, దానికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు మిల్లులూ ఉన్నాయి. కూలి మనుషుల కోసం అగ్గిపెట్టెల యజమాని పోటీపడవలసింది ఆ మిల్లులతోనే కాబట్టి అది చిన్న విషయం కాదు.

ఈ పల్లెల్లో తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. కమ్మవారు, రెడ్డియార్లు, రాజకంబళ నాయకర్లు, అరుంధతీయులు ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడతారు. ఎట్టయపురం జమీందార్లు రాజకంబళ నాయకర్లే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన రచయిత కి. రాజనారాయణన్ తెలుగింటి మనిషి. ఇక్కడికి వలస వచ్చిన తెలుగు జనం కథను తమిళంలో చెప్పి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు నాయుళ్ళు కూడా అగ్గిపెట్టెల వ్యాపారంలోకి దిగారని చెబుతారు. శివకాశిలో మాత్రం ముందునుంచీ నాడార్లదే పైచేయి.

తొలి ఎంపిక: యంత్రం నుంచి చేతికి

శివకాశి వ్యాపారి పి. అయ్య నాడార్, ఆయన దాయాది ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి పని నేర్చుకొచ్చారన్న దాంట్లో కథనాలన్నీ ఏకీభవిస్తాయి. తేదీ దగ్గరే తేడా. కొందరు 1922 అంటారు, కొందరు 1923. వెళ్ళింది మొదటి ఏట, తయారీ మొదలైంది రెండో ఏట అనుకుంటే రెండూ పొసుగుతాయి, అదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. మొదట జర్మనీ నుంచి యంత్రాలు తెప్పించారని, అవి గిట్టుబాటు కాక చేతిపనికి మళ్ళారని ప్రచారంలో ఉన్న వివరం. ఇది నిజమైతే ఈ ప్రాంతం చేతిపని నుంచి యంత్రానికి ఎదిగిందన్న మామూలు వరస తిరగబడుతుంది. ఇక్కడివాళ్ళు యంత్రాన్ని చూశాకే చేతిని ఎంచుకున్నారన్నమాట.

అదే 1923లో స్వీడిష్ మ్యాచ్ కంపెనీ భారతదేశంలో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ, అంటే విమ్కో, స్థాపించింది. అంబర్‌నాథ్, బరేలీ, కలకత్తా, మద్రాసు, అస్సాంలోని ధుబ్రిలో యంత్రాలతో కర్మాగారాలు నడిపింది. దాని వెనక అగ్గిపెట్టెల రారాజుగా పేరుపడ్డ ఈవార్ క్రూగర్ ఉన్నాడు. 1932లో పారిస్‌లో అతను చనిపోయాక ఆ సామ్రాజ్యం కుప్పకూలింది, విమ్కో మాత్రం నిలిచింది. పెట్టుబడి, యంత్రం, పేరు అన్నీ ఉన్న అలాంటి కంపెనీకి ఎదురుగా పల్లెటూరి షెడ్లు ఎలా నిలబడ్డాయి? జవాబు పన్ను పట్టికలో ఉంది.

పన్ను గీత

1934లో అగ్గిపెట్టెల మీద ఎక్సైజు సుంకం చట్టం వచ్చింది. 1944 కేంద్ర ఎక్సైజు చట్టంతో అది పెద్ద వ్యవస్థలో కలిసిపోయింది. సుంకం కట్టినట్టు గుర్తుగా ప్రతి పెట్టెకూ బాండరోల్ అనే ముద్రచీటీ అంటించాల్సి వచ్చేది, అదీ ఒక చేతిపనే. స్వాతంత్ర్యం తరవాత ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులు ఏర్పరచి, చిన్నవాళ్ళకు తక్కువ రేటు పెట్టారు. ఫలితం ఊహించదగ్గదే. పెరిగితే పన్ను పెరుగుతుంది కాబట్టి యజమానులు ఉన్న యూనిట్‌ను పెంచకుండా ఇంకొకటి పెట్టారు, ఒకే ఇంట్లో వేర్వేరు పేర్ల మీద. ఈ ప్రాంతంలో యూనిట్ల సంఖ్య ఎప్పుడు లెక్కపెట్టినా వాస్తవానికి మించి కనబడటానికి ఇదొక కారణం.

1967 నుంచి యంత్రం వాడేవారు, వాడనివారు అన్న భేదం ముందుకొచ్చింది. చేతిపనివాళ్ళలో పెద్దవాళ్ళనీ చిన్నవాళ్ళనీ ఒకే గాటన కట్టడం అన్యాయమని చిన్న తయారీదారులు కోర్టుకెక్కారు. మూర్తి మ్యాచ్ వర్క్స్ కేసుగా తెలిసిన ఆ వ్యాజ్యాన్ని 1974లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. పన్నుల వర్గీకరణలో ప్రభుత్వానికి వెసులుబాటు ఉంటుందన్నది అందులోని సారం.

దీంతోపాటు అగ్గిపెట్టెలు చాలా కాలం చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన వస్తువుల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలో చివరికి మిగిలిన 20 వస్తువులను 2015 ఏప్రిల్‌లో తొలగించినప్పుడు పచ్చళ్ళు, బ్రెడ్డు, అగరువత్తులతోపాటు అగ్గిపెట్టె కూడా బయటికొచ్చింది.

అయిదు పనులు

ఏది చేతిపని అన్నదానికి 2017 జీఎస్టీ నోటిఫికేషన్‌లో ఇచ్చిన నిర్వచనమే ఈ పరిశ్రమను అర్థం చేసుకోవడానికి మంచి దారి. చట్రంలో పుల్లలు పేర్చడం, పుల్లల కొసలు మందులో ముంచడం, పెట్టెలో పుల్లలు నింపడం, లేబుళ్ళు అంటించడం, కట్టలు కట్టడం. ఈ అయిదింటిలో దేనికీ మామూలుగా కరెంటు వాడకపోతేనే అది చేతితో చేసిన అగ్గిపెట్టెగా లెక్కకొచ్చేది.

పుల్లలు చాలామటుకు కేరళ నుంచి వస్తాయి, మెత్తని కలపను చీరి, కోసి, ఎండబెట్టినవి. స్థానికంగా 'తీప్పెట్టి ఆఫీసు' అనే షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బద్దలతో చేసిన చట్రంలో పుల్లలు ఒకదాన్నొకటి తగలకుండా పేరుస్తారు. కూలి చట్రాల లెక్కన. నిండిన చట్రాన్ని ముందు కరిగిన మైనంలో, తరవాత మందులో అద్దుతారు. మందులో పొటాషియం క్లోరేట్, గంధకం, జిగురు, గాజు పొడి వంటివి ఉంటాయి. పెట్టె పక్కన పూసే గీటుమందులో ఎర్ర భాస్వరం ఉంటుంది. క్లోరేట్, భాస్వరం పొరపాటున కలిస్తే ప్రమాదం కాబట్టి మందు కలిపే పని, గీటుమందు పూసే పని దూరంగా పెడతారు. ముంచడం అనుభవం ఉన్న మగవాళ్ళ పనిగా ఉంటూ వచ్చింది. పెట్టెలు నింపే పని షెడ్డులోనూ సాగేది, ఇళ్ళకూ వెళ్ళేది.

సగం యంత్రం అంటే ఈ అయిదింటిలో కొన్నిటికి విడివిడి మెషీన్లు పెట్టడం. ముందుగా పేర్చడానికీ ముంచడానికీ పెడతారు, ఎందుకంటే మనుషులు ఎక్కువ కావలసింది మొదటిదానికి, నేర్పు ఎక్కువ కావలసింది రెండోదానికి. పూర్తి యంత్రం తీరే వేరు. కదిలే ఇనుప పలకల గొలుసులో పుల్లలు గుచ్చుకుని, మైనం తొట్టె, మందు తొట్టె దాటి, ఆరుతూ తిరిగొచ్చి నేరుగా పెట్టెల్లో పడతాయి. ఈ ఊహ 19వ శతాబ్దం చివరి దశకాలది. స్వీడన్‌లోని యాన్‌షోపింగ్‌లో అలెగ్జాండర్ లాగర్మన్‌కు కొందరు, అమెరికాలో ఎబెనెజర్ బీచర్‌కు కొందరు మొదటి ఘనత కట్టబెడతారు. దానికి పుల్లలన్నీ ఒకే కొలతలో కావాలి. వంకర పుల్లను చేయి ఏరి పక్కన పెడుతుంది, గొలుసైతే దానితో ఆగిపోతుంది. కేరళ పుల్ల నాణ్యత నిలకడగా లేని చోట ఇది పెద్ద చిక్కు.

పిల్లలు, కూలి

చేతిపని చవగ్గా ఉండటానికి ఒక కారణాన్ని దాచలేం. పుల్లలు పేర్చిన వేళ్ళలో చాలా భాగం పిల్లలవి. తెల్లవారకముందే పల్లెల నుంచి వాళ్ళను వ్యాన్లలో తీసుకెళ్ళేవారు. 1976లో హర్బన్స్ సింగ్ కమిటీ ఈ విషయం పరిశీలించింది. 1986 బాలకార్మిక చట్టం అగ్గిపెట్టెల తయారీని నిషిద్ధ పనుల్లో చేర్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు యజమాని 20,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది. ఆ తరవాత పిల్లలు బడికి వెళ్ళారు, పెద్దలకు ఉపాధి హామీ పని, నూలు మిల్లులు వేరే దారి చూపాయి. మెషీన్ల వైపు మొగ్గు అక్కడినుంచే బలపడిందని చెప్పడం సబబు.

ఎంతమంది పనిచేస్తున్నారన్నదానికి రెండు లెక్కలు చలామణీలో ఉన్నాయి. 2021లో తయారీదారుల సంఘాలు నాలుగు లక్షలన్నాయి, నేరుగా పనిచేసేవారిలో 90 శాతం ఆడవాళ్ళన్నాయి. 2022లో ముఖ్యమంత్రి స్టాలిన్ కేంద్రానికి రాసిన లేఖలో లక్షకు పైగా అని ఉంది. మొదటిది పరోక్ష ఉపాధిని కూడా కలుపుకున్నదై ఉండాలి. షెడ్లలో పనిచేసేవారి వరకే అయితే రెండోదే దగ్గరగా తోస్తుంది.

జీఎస్టీ తరవాత

2017 జులైలో చేతిపనికి 5 శాతం, మిగతావాటికి 18 శాతం పెట్టారు. ఒక్క ముంచే మెషీన్ కొన్నా 13 శాతం తేడా పడేది. సగం యంత్రాలు పెట్టుకున్న చిన్నవాళ్ళకు ఇది గట్టి దెబ్బ. మెషీన్ సరుకు చేతి సరుకు పేరుతో అమ్ముడవుతోందన్న ఫిర్యాదులూ వచ్చాయి. 2020 మార్చి 14న జీఎస్టీ మండలి రెండిటినీ 12 శాతానికి తెచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాదాపు అర్ధ శతాబ్దంగా మనిషినీ యంత్రాన్నీ వేరుచేసిన పన్ను గీత అలా చెరిగిపోయింది.

ఇక ధర. 1995లో పావలా నుంచి అర్ధరూపాయికి, 2007లో రూపాయికి, 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలకు మారింది. ఆ చివరి పెంపుకు ముందు ఎర్ర భాస్వరం కిలో 425 నుంచి 810 రూపాయలకు, మైనం 58 నుంచి 80కి చేరాయని సంఘాలు చెప్పాయి. 600 పెట్టెల కట్టను 270–300 రూపాయలకు అమ్ముతున్న రోజులవి. పద్నాలుగేళ్ళు ధర కదలకపోతే యజమాని ఖర్చు తగ్గించుకోగలిగింది కూలి దగ్గరే.

మరో పోటీ లైటరు. 20 రూపాయలలోపు లైటర్ల దిగుమతిని 2023 జూన్‌లో, విడిభాగాల దిగుమతిని 2024లో కేంద్రం నిషేధించింది.

పెద్ద కంపెనీల నడక కూడా చూడదగ్గదే. ఐటీసీ 'ఎయిమ్' వంటి పేర్లతో అగ్గిపెట్టెలు అమ్మడం మొదలుపెట్టినప్పుడు సొంత యంత్రాలు పెట్టకుండా చిన్న యూనిట్ల నుంచి కొన్నది. 2005లో విమ్కోను చేజిక్కించుకున్నాక కూడా ఆ కొనుగోళ్ళు మానలేదు.

పూర్తి యంత్రం ఎగుమతి ఆర్డర్లు, పెద్ద పెట్టుబడి, ఒకే కొలత పుల్ల, ఆగని కరెంటు ఉన్నవారికే పనికొస్తుంది. పన్ను రాయితీ పోయాక పూర్తి చేతిపనికి పాత ఆదరువు లేదు, పేర్చడానికి మనుషులూ దొరకరు. కోవిల్‌పట్టి, సాత్తూరు చిన్న యజమానికి పేర్చడం, ముంచడం మెషీన్‌కు ఇచ్చి, నింపడం, కట్టలు కట్టడం ఆడవాళ్ళ చేతుల్లో ఉంచే మధ్య దారే ఇప్పటికి గిట్టుబాటయ్యేదిగా కనిపిస్తోంది.