శిథిలాల నుంచి పుట్టిన ఒప్పందాలు

ఒక దేశంలోని పాత కట్టడాన్ని కాపాడే భారం ఆ దేశానిదేనా, తక్కిన దేశాలకూ అందులో పాలు ఉందా అన్న ప్రశ్న 19వ శతాబ్దం సగం గడిచేదాకా ప్రభుత్వాల మధ్య చర్చకు రాలేదు. గుడి, కోట, గ్రంథాలయం ఏ రాజ్యంలో ఉంటే ఆ రాజ్యం సొత్తు. యుద్ధంలో గెలిచినవాడు వాటిని దోచుకున్నా, కూల్చినా అడిగే నాథుడు లేడు. 1687లో వెనిస్ సేనలు ఏథెన్స్‌ను ముట్టడించినప్పుడు పార్థెనాన్ మీద పడిన ఫిరంగి గుండు, లోపల ఒట్టోమన్ సైన్యం దాచిన మందుగుండును అంటించింది. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన ఆలయం నడిమికి బద్దలైంది. అందుకు ఎవరూ ఎవరికీ జవాబు చెప్పుకోవలసి రాలేదు. ఆ స్థితి మారడం 1863లో మొదలై, 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒడంబడికతో ఒక రూపానికి వచ్చింది. ఈ నూటపదేళ్ల చరిత్రలో దాదాపు ప్రతి అడుగూ ఏదో ఒక పెద్ద నష్టం తర్వాతే పడింది.

యుద్ధ నియమాలతో తొలి అడుగు

అమెరికా అంతర్యుద్ధం సాగుతుండగా, 1863 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకన్ తన సైన్యానికి ఒక నియమావళిని జారీ చేశారు. దాన్ని రాసినవారు న్యాయశాస్త్ర పండితుడు ఫ్రాన్సిస్ లీబర్. కళాఖండాలను, గ్రంథాలయాలను, శాస్త్ర సంబంధమైన సేకరణలను ముట్టడిలో ఉన్న కోటలో సైతం వీలైనంత వరకు దెబ్బతిననీయకూడదని అందులో ఉంది. అది ఒక దేశం తన సైనికులకు పెట్టుకున్న కట్టుబాటు మాత్రమే. అయినా తర్వాత వచ్చిన అంతర్జాతీయ ఒప్పందాలకు అదే ఒరవడి అయింది.

1874లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ చొరవతో యూరప్ రాజ్యాలు బ్రసెల్స్‌లో సమావేశమై ఇలాంటి నియమాలతో ఒక ప్రకటన తయారుచేశాయి. ప్రభుత్వాలు ఆమోదించకపోవడంతో అది కాగితం మీదే ఉండిపోయింది. పాతికేళ్ల తర్వాత, 1899లో, నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందంతో ఆ నియమాలకు చట్టబలం వచ్చింది. ముట్టడిలోనూ ఫిరంగి దాడిలోనూ ప్రార్థనా స్థలాలను, కళలకూ విద్యకూ సంబంధించిన భవనాలను వీలైనంత వరకు విడిచిపెట్టాలని అది నిర్దేశించింది. 1907లో అదే నగరంలో జరిగిన రెండో సమావేశం ఈ జాబితాలో ‘చారిత్రక కట్టడాలు’ అన్న మాటను చేర్చింది. సముద్రం మీది నుంచి గుళ్లు కురిపించే ఓడలకు కనబడేలా ఇలాంటి భవనాలపై పెద్ద పలకలు పెట్టాలని కూడా నిర్ణయించారు. పలకను మూల నుంచి మూలకు గీతతో రెండు త్రికోణాలు చేసి, పై భాగానికి నలుపు, కింది భాగానికి తెలుపు వేయాలి.

అయితే ఈ రక్షణకు ఒక షరతు ఉంది. శత్రువు ఆ భవనాన్ని సైనిక అవసరానికి వాడుకుంటే రక్షణ పోతుంది. ఈ సందు ఎంత పెద్దదో ఏడేళ్లకే తేలిపోయింది.

లూవెన్, రీమ్స్

1914 ఆగస్టు 25 రాత్రి బెల్జియంలోని లూవెన్ పట్టణానికి జర్మన్ సైనికులు నిప్పు పెట్టారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం తగలబడి, మధ్యయుగాల రాతప్రతులతో సహా రెండు లక్షలకు పైగా గ్రంథాలు బూడిదయ్యాయి. మరో నెల తిరగకుండానే, సెప్టెంబరు 19న, ఫ్రాన్స్ రాజులు పట్టాభిషేకం చేసుకున్న రీమ్స్ కెథెడ్రల్‌పై ఫిరంగి గుళ్లు పడ్డాయి. మరమ్మతు కోసం కట్టిన కర్ర పరంజాకు మంట అంటుకుని పైకప్పు దాకా పాకింది. కప్పుకు పరిచిన సీసం కరిగి, రాతి నీటితూముల నోళ్ల నుంచి కారింది. అలా కారి గడ్డకట్టిన సీసపు ముద్దలను రీమ్స్‌లో తర్వాత ప్రదర్శనకు పెట్టారు.

సంతకాలు కట్టడాలను కాపాడలేకపోయాయి. కానీ ఈ రెండు నష్టాలు మునుపెన్నడూ లేని విధంగా ప్రపంచాన్ని కదిలించాయి. యుద్ధం ముగిశాక వర్సాయ్ సంధిలోని 247వ అధికరణం, లూవెన్‌లో కాలిపోయిన వాటికి సరిసమానమైన రాతప్రతులను, గ్రంథాలను జర్మనీ ఇచ్చుకోవాలని విధించింది. గ్రంథాలయానికి కొత్త భవనం అమెరికన్ల విరాళాలతో లేచి 1928లో తెరుచుకుంది. రీమ్స్ మరమ్మతుకు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బిచ్చారు. ఒక దేశపు కట్టడం కోసం వేరే దేశపు పౌరులు చేయి వేయడం అప్పటి నుంచి ఒక ఆనవాయితీగా స్థిరపడింది.

బాగుచేయడంపై తగవు

యుద్ధం లేని రోజుల్లోనూ కట్టడాలకు ముప్పు ఉంది. అది బాగుచేసేవారి చేతుల నుంచే వచ్చేది. ఫ్రాన్స్‌లో వియోలే ల డ్యుక్ వంటి వాస్తుశిల్పులు పాత చర్చిలను, కోటలను ‘సంపూర్ణంగా’ పునరుద్ధరించే పని పెట్టుకున్నారు. కట్టినవారు విడిచిపెట్టిన లోపాలను కూడా పూరించి, మధ్యలో చేరిన కాలాల గుర్తులను తొలగించేవారు. ఇంగ్లండ్‌లో జాన్ రస్కిన్ దీన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. అది కట్టడపు చరిత్రను చెరిపేయడమేనని ఆయన వాదన. మన ఊళ్లలో జీర్ణోద్ధరణ పేరుతో పాత శాసనాల మీద సున్నం, రంగులు పడడం చూసినవారికి ఆ బాధ తెలియనిది కాదు.

రస్కిన్ బాటలో నడిచిన విలియం మారిస్ 1877లో పాత భవనాల రక్షణ కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. రెండేళ్ల తర్వాత ఆ సంఘం సరిహద్దు దాటింది. వెనిస్‌లోని సెయింట్ మార్క్ బసిలికా ముఖభాగాన్ని విప్పి కట్టబోతున్నారని తెలిసి ఇంగ్లండ్‌లో సంతకాల ఉద్యమం నడిపింది. బ్రిటన్ రాజకీయాల్లో బద్ధవిరోధులైన డిజ్రేలీ, గ్లాడ్‌స్టన్ ఇద్దరూ ఆ అర్జీపై సంతకం చేశారు. ఇటలీలో చాలామందికి ఇది పరాయివాళ్ల జోక్యంగా తోచింది. సొంతదారు హక్కుకూ తక్కినవారి ఆర్తికీ మధ్య పేచీ అప్పుడే పైకి తేలింది. తర్వాతి ఒప్పందాలన్నీ దాన్ని తీర్చే మార్గం వెతికినవే.

ఏథెన్స్, 1931

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఏర్పడిన నానాజాతి సమితి 1922లో మేధో సహకార సంఘాన్ని నెలకొల్పింది. తత్త్వవేత్త హెన్రీ బెర్గ్‌సన్ దాని తొలి అధ్యక్షుడు. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ సభ్యులు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ సంఘంలో సభ్యులయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆయన ఉపకులపతి అయిందీ ఆ ఏడాదే. సంఘం కింద 1926లో పుట్టిన అంతర్జాతీయ మ్యూజియం కార్యాలయం, 1931 అక్టోబరు 21 నుంచి 30 వరకు ఏథెన్స్‌లో చారిత్రక కట్టడాల పరిరక్షణపై సమావేశం జరిపింది. ఈ రంగంలో పనిచేసే వాస్తుశిల్పులు, పురావస్తు నిపుణులు, అధికారులు అంతర్జాతీయంగా ఒకచోట కూడడం అదే మొదలు. వంద మందికి పైగా హాజరయ్యారు. వారిలో దాదాపు అందరూ యూరప్ వారే.

ఆ సమావేశపు నిర్ణయాలే ‘ఏథెన్స్ ప్రకటన’గా పేరొందాయి. పూర్తిగా తిరిగి కట్టడం కంటే నిత్యం కనిపెట్టి సంరక్షించడం మేలని అది తేల్చింది. ఒక కట్టడంలో ఏ కాలపు పనితనాన్నీ తక్కువచేసి తొలగించకూడదంది. రాలిపడిన అసలు రాళ్లు దొరికితే వాటిని మళ్లీ వాటి చోట నిలపవచ్చు, కొత్తగా చేర్చిన రాయి మాత్రం కొత్తదని తెలియాలి. తవ్విన శిథిలాలను కాపాడలేకపోతే మట్టితో మళ్లీ పూడ్చడమే మంచిది. కట్టడం చుట్టూ ఉన్న పరిసరాలను కూడా పాడుచేయకూడదు. ప్రతి దేశమూ తన కట్టడాల పట్టికను తయారుచేసి ప్రచురించాలి. కట్టడం పదిలంగా ఉండడానికి ప్రజల గౌరవాన్నీ మమకారాన్నీ మించిన హామీ లేదని, పిల్లలకు బడిలోనే ఈ సంగతి నేర్పాలని కూడా చెప్పింది.

కొన్ని విషయాల్లో ఏథెన్స్ ప్రకటనకు తన కాలపు పరిమితులున్నాయి. ఆధునిక సామగ్రిని, ముఖ్యంగా ఇనుప చువ్వల కాంక్రీటును, అది నమ్మకంగా ఆమోదించింది. సమావేశానికి వచ్చినవారు అక్రోపొలిస్ కొండ ఎక్కి, నికొలాస్ బలనోస్ అనే ఇంజనీరు పార్థెనాన్ స్తంభాలను తిరిగి నిలబెట్టిన పనిని స్వయంగా చూశారు. రాళ్లను కలిపి బిగించడానికి బలనోస్ ఇనుము వాడారు. ప్రాచీన గ్రీకు శిల్పులూ ఇనుప పట్టీలే వాడారు, అయితే తడి తగలకుండా వాటి చుట్టూ సీసం పోసేవారు. ఆ జాగ్రత్త లేని కొత్త ఇనుము దశాబ్దాలు గడిచేసరికి తుప్పుపట్టి ఉబ్బి, పాలరాయిని లోపలి నుంచి పగలగొట్టింది. 1975లో ఏర్పడిన అక్రోపొలిస్ సంరక్షణ సంఘం ఆధ్వర్యంలో ఆ రాళ్లను మళ్లీ విప్పి, ఇనుము తీసి టైటానియం పెట్టవలసి వచ్చింది. కొత్త పద్ధతిని కట్టడం మీద ప్రయోగించేముందు ఎంత నిదానించాలో ఆ పగుళ్లు చెబుతాయి.

మళ్లీ యుద్ధం, మళ్లీ ఒప్పందం

1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాలకు చెందిన 21 దేశాలు రోరిక్ ఒడంబడికపై సంతకం చేశాయి. దాన్ని ప్రతిపాదించిన రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ అప్పటికే మన హిమాలయాల్లోని కులూ లోయలో స్థిరపడ్డారు. కేవలం సాంస్కృతిక సంపద రక్షణ కోసమే దేశాలు చేసుకున్న తొలి ఒప్పందం ఇది. తెల్లటి జెండాపై ఎర్రటి వలయం, దానిలో మూడు ఎర్రటి బిందువులు దాని చిహ్నం.

రెండో ప్రపంచయుద్ధం ఈ ప్రయత్నాలన్నిటినీ తుంగలో తొక్కింది. లూవెన్‌లో అంత శ్రద్ధతో తిరిగి కట్టిన గ్రంథాలయం 1940 మేలో రెండోసారి కాలిపోయింది. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని మోంటే కాసినో మఠం మిత్రరాజ్యాల బాంబులకు నేలమట్టమైంది. పోలండ్ రాజధాని వార్సా పాత పట్టణాన్ని జర్మన్లు పనిగట్టుకుని కూల్చారు. 1945లో యునెస్కో ఏర్పడినప్పుడు పుస్తకాలను, కళాఖండాలను, చారిత్రక కట్టడాలను ప్రపంచ వారసత్వంగా భావించి కాపాడడం దాని రాజ్యాంగంలోనే బాధ్యతగా చేరింది. 1954 మే 14న హేగ్‌లో కుదిరిన ఒడంబడిక, ఏ జాతి సాంస్కృతిక సంపదకు నష్టం కలిగినా అది మానవాళి మొత్తానికి నష్టమేనని ప్రకటించింది. కట్టడాలపై నీలం, తెలుపు రంగుల డాలు గుర్తు పెట్టే పద్ధతి దానితోనే వచ్చింది. 1956లో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో మహాసభ, పరిరక్షణ విద్య కోసం ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని స్థాపించాలని నిర్ణయించింది. అది 1959లో రోమ్‌లో పని మొదలుపెట్టింది.

నైలు ముంపు, కృష్ణ ముంపు

యుద్ధంతో సంబంధం లేని పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఈజిప్టు నైలు నదిపై అస్వాన్ ఎత్తైన ఆనకట్ట కట్టడానికి పూనుకుంది. పొలాలకు నీళ్లు, ఇళ్లకు కరెంటు కావాలి. ఆ జలాశయంలో నుబియా ప్రాంతపు ఆలయాలన్నీ మునిగిపోతాయి. కాపాడే స్తోమత తమకు లేదని ఈజిప్టు, సూడాన్ 1959లో యునెస్కో సాయం కోరాయి. 1960 మార్చి 8న యునెస్కో డైరెక్టర్ జనరల్ విట్టోరినో వెరోనీసే ప్రపంచ దేశాలకు పిలుపునిచ్చారు.

ప్రాచీన ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ కొండను తొలిపించి చెక్కించిన అబూ సింబెల్ ఆలయాలు ఈ పనిలో అతి కష్టమైనవి. పెద్ద ఆలయం ముందు దాదాపు 20 మీటర్ల ఎత్తున కూర్చున్న నాలుగు రాజవిగ్రహాలున్నాయి. పెరుగుతున్న నీటిని ఆపడానికి ముందుగా అడ్డుకట్ట వేశారు. కొండను పైనుంచి తొలగించి, ఆలయాలను వెయ్యికి పైగా ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్క బరువు 30 టన్నుల దాకా ఉండేది. ఇసుకరాయి విరిగిపోకుండా లోపలికి జిగురు ఎక్కించారు. శిల్పం కనిపించే చోట కోత గీత సన్నగా ఉండాలని రంపాలను చేత్తోనే నడిపారు. ఆ ముక్కలను 65 మీటర్ల ఎత్తున, నదికి దూరంగా కట్టిన కృత్రిమ కొండలో తిరిగి పేర్చారు. 1964లో మొదలైన పని 1968లో పూర్తయింది. ఏటా రెండుసార్లు సూర్యకిరణాలు గర్భాలయం దాకా వెళ్లే ఏర్పాటు చెడిపోకుండా ఆలయపు దిక్కును అలాగే ఉంచారు. మొత్తం నుబియా ఉద్యమానికి సుమారు 8 కోట్ల డాలర్లు ఖర్చు కాగా, అందులో సగం దాదాపు 50 దేశాలు ఇచ్చాయి. బి.బి. లాల్ నాయకత్వంలో భారత పురావస్తు శాఖ బృందం అక్కడి అఫ్యే వద్ద తవ్వకాలు జరిపింది.

ఆ బృందాన్ని పంపిన శాఖకు ముంపు పని కొత్త కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాది పడింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయ మునిగిపోక తప్పదు. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతా తవ్వి చూశారు. విహారాలను, స్తూపాలను కొన్నింటిని విప్పి, నేడు ద్వీపంగా మారిన కొండపైన, ఒడ్డున అనుపు దగ్గర తిరిగి నిర్మించారు. కృష్ణ ఒడ్డున దేశీయ నిధులతో, నైలు ఒడ్డున అంతర్జాతీయ నిధులతో, ఇంచుమించు ఒకే కాలంలో ఒకే సమస్యను ఎదుర్కొన్నారు. తేడా అల్లా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

1972 ఒడంబడిక

1964 మేలో వెనిస్‌లో కూడిన నిపుణులు ఏథెన్స్ ప్రకటనను సవరించి, 16 అధికరణాల వెనిస్ ప్రకటన రూపొందించారు. దాన్ని తయారుచేసిన సంఘంలో యూరప్ బయటి దేశాలు మూడే: ట్యునీషియా, మెక్సికో, పెరూ. మరుసటి ఏడాది పోలండ్‌లో కట్టడాల, స్థలాల అంతర్జాతీయ మండలి ఇకోమాస్ ఏర్పడింది. యుద్ధంలో కూలిన వార్సా పాత పట్టణాన్ని తిరిగి కట్టుకున్న దేశంలో ఆ సంస్థ పుట్టడం సముచితం. 1966 నవంబరు 4న వరద ఫ్లోరెన్స్‌ను, వెనిస్‌ను ముంచెత్తినప్పుడు యునెస్కో మరోసారి చందాలకు పిలుపునివ్వవలసి వచ్చింది. ఆపద వచ్చినప్పుడల్లా జోలె పట్టడం కంటే శాశ్వతమైన ఏర్పాటు కావాలన్న ఆలోచన అప్పటికి బలపడింది.

1972 నవంబరు 16న పారిస్‌లో యునెస్కో మహాసభ ఆమోదించిన ప్రపంచ వారసత్వ ఒడంబడిక ఆ ఏర్పాటు. అది ప్రకృతి స్థలాలను, మానవ నిర్మాణాలను ఒకే గొడుగు కిందికి తెచ్చి, వాటి కోసం ఒక నిధిని ఏర్పరచింది. వెనిస్ అర్జీ నాడు తలెత్తిన పేచీకి సమాధానం అందులో ఉంది. కట్టడం ఏ దేశంలో ఉందో ఆ దేశపు సార్వభౌమత్వానికి లోపం లేదు, దాన్ని కాపాడడంలో సహకరించే బాధ్యత మాత్రం అందరిదీ. 1978లో తొలి జాబితాలో 12 చోట్లు చేరాయి. వాటిలో ఇథియోపియాలోని లాలిబెలా రాతి చర్చిలు, పోలండ్‌లోని క్రాకో నగరం ఉన్నాయి. భారతదేశం 1977లో ఒడంబడికలో చేరగా, 1983లో అజంతా, ఎల్లోరా, తాజ్‌మహల్, ఆగ్రా కోటలకు గుర్తింపు వచ్చింది. తెలుగు నేల మీద ఆ గుర్తింపు పొందిన తొలి కట్టడం, రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన పాలంపేట రామప్ప ఆలయం. అది జాబితాకెక్కింది 2021లో.

జాబితాకు ఎక్కని గుళ్లు, బావులు, కోటగోడలు, శాసనాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. వాటికి నిధీ లేదు, నీలి డాలూ లేదు. ప్రజల మమకారాన్ని మించిన హామీ లేదని 1931లో ఏథెన్స్‌లో తేల్చిన మాట వాటి విషయంలో అక్షరాలా నిజం. వాటి మీద పేర్లు చెక్కకుండా, రాళ్లు ఎత్తుకుపోకుండా చూసే పని ఆ ఊరి వాళ్లదే.